మూడో తొట్టి వైన్

నవంబరు 19

ఈ నోటుపుస్తకం మా ఆయన ఎర్వెది. మొదటి నాలుగు పేజీల్లో అతని రాత ఉంది. ఏ తొట్టి ఎంత వేడెక్కింది, ఎప్పుడు పులియడం ఆగింది, అలాంటివి. చివరి వరస నవంబరు 6న రాసింది. ఏడో తారీఖు పొద్దున ద్రాక్షతీగల కత్తిరింపుకి బయల్దేరుతూ, గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. ఎడమ కాలికి బూటు ఉంది, కుడి కాలికి మేజోడు మాత్రమే ఉంది.

నేను వెనక పేజీల నుంచి రాస్తున్నాను. అతను చదవడు. చదివే రోజొస్తే అప్పుడు చూసుకుందాం.

మెదడులో కట్టిన రక్తపు గడ్డ కరిగిందని నాంత్ ఆసుపత్రిలో చెప్పారు. కుడి చెయ్యి, మాట, మింగడం మూడూ దెబ్బతిన్నాయి. చెయ్యీ మాటా నెమ్మదిగా వస్తాయట. మింగడం సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. పల్చనిది ఏది తాగినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందట. అందుకని మంచినీళ్ళలో కూడా పొడి కలిపి, జెల్లీలా చేసి చెంచాతో పెడుతున్నారు.

"నీళ్ళు నమలాల్సొచ్చింది" అన్నాడు ఎర్వె. ఆ రెండు ముక్కలూ బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. నేను నవ్వాను. నవ్వక ఏం చెయ్యను.

నవంబరు 27

ఇవాళ క్యారెట్ గుజ్జు, బంగాళాదుంప గుజ్జు, తెల్లగా ఇంకేదో గుజ్జు. అది చేప అన్నారు. ఎలా ఉందని అడిగాను. "బాగుంది" అన్నాడు.

నాకు భయం వేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నా వంటకి వంక పెట్టకుండా ఎర్వె కుర్చీలోంచి లేచిన రోజు లేదు. తెల్ల వెన్న సాస్ అయితే మరీను. ఉల్లిపాయ సన్నగా తరగలేదంటాడు, వెనిగర్ ఎక్కువైందంటాడు, వెన్న తొందరపడి వేశావంటాడు. ఏటా మార్చిలో కొత్త వైన్ సీసాల్లోకి నింపే రోజున ముందు ఆల్చిప్పలు, తరువాత ఏటి నుంచి తెచ్చిన బ్రోషె చేప, దాని మీద ఆ సాస్. ఏటా చివరికి ఒకటే మాట, మన పెళ్ళినాటి సాస్‌లా లేదని.

ఆ మాట మాత్రం నిజం. పెళ్ళి భోజనంలో మా అత్తగారు చేసిన సాస్‌ని జనం రొట్టెతో పళ్ళాలు తుడుచుకుని మరీ తిన్నారు. ఆవిడ చేసినట్టే నేనూ చేస్తాను, ఆవిడ గిన్నెలోనే చేస్తాను. ఆ రుచి రాదు. అదంతా ఆ యేటి వైన్ మహత్యం అంటాను నేను. లేబుల్ కూడా అంటించని సీసాల్లో పోశారు ఆ రోజు. మా ప్రాంతపు తెల్ల వైన్ మస్కడె, అంత మెత్తటిది నేను మళ్ళీ తాగలేదు.

అలాంటి నాలిక ఉన్న మనిషి ఆ తెల్ల గుజ్జుని బాగుందన్నాడు.

డిసెంబరు 8

కత్తిరింపుకి అన్సెల్మ్ బాబాయ్ వస్తున్నాడు. బాబాయ్ అంటే చుట్టం కాదు, పక్క తోట ఆయనది. ఎనభై ఒకటి నిండాయి. ఆయన మూడు వరసలు పూర్తి చేసేసరికి నాది ఒకటి అవుతోంది. "ఏమ్మా సొలాంజ్, తీగలు కత్తిరిస్తున్నావా, జడలు వేస్తున్నావా?" అంటాడు ప్రతి వరస చివరా.

ఎర్వెకి ఇవాళ మాట కొంచెం స్పష్టంగా వచ్చింది. "తొట్లు ముట్టుకోకు. పడుకోనీ" అన్నాడు.

నాకు తెలియదా. పులిసిన వైన్ చలికాలమంతా కదలకుండా తన మడ్డి మీద తను పడుకోవాలి. మార్చి వచ్చాక ఆ తొట్టిలోంచే నేరుగా సీసాల్లోకి. అలా అయితేనే తాగినప్పుడు నాలిక చివర సన్నగా గిల్లినట్టుంటుంది. అలా అయితేనే లేబుల్‌లో 'మడ్డి మీద ఉంచినది' అని వేసుకోనిస్తారు. నేలలోకి కట్టిన ఈ తొట్ల మీద నడుస్తూ ముప్పై ఎనిమిదేళ్ళు గడిపాను. కాకపోతే నేను చూసింది మూతల్నే. మూత ఎత్తి వాసన చూసేవాడు అతను.

డిసెంబరు 24

సముద్రం వైపు నుంచి జోస్లిన్ ఆల్చిప్పల బండి తెచ్చి చర్చి ముందు పెట్టింది. డజను చాలన్నాను. ఏటా నాకు నాలుగు డజన్లు కట్టిచ్చే మనిషి, ఏమీ అడగకుండా ఒక నిమ్మకాయ ఎక్కువ వేసింది. ఇంటికొచ్చి ఆరు తెరిచాను. మూడు తిన్నాను.

జనవరి 9

ఇవాళ మూతలు ఎత్తి చూశాను. ఒకటి బాగుంది. రెండు బాగుంది. మూడో తొట్టి కుళ్ళిన గుడ్ల కంపు కొడుతోంది.

ఉన్నవాటిలో మూడోదే చెడాలా. ఎర్వె తండ్రి నాటిన తీగలవి ఆ ద్రాక్షలు. ఆ తోటలో మట్టి తక్కువ, రాయి ఎక్కువ. ఏటా మొదటి సీసా ఆ తొట్టిలోంచే నింపుతాడు, మొదటి గ్లాసు ఆల్చిప్పతో తాగుతాడు, ఆ పూట ఎవరు పిలిచినా పలకడు.

ఎర్వెని అడగొచ్చు. అడిగితే మంచం మీంచి లేచి రాలేడు కదా, అక్కడే కుమిలిపోతాడు. అన్సెల్మ్ బాబాయ్‌ని అడగొచ్చు. అడిగితే, మొగుడు ఆసుపత్రికి వెళ్ళిన రెండు నెలలకే సొలాంజ్ తొట్టి పాడుచేసిందని సాయంత్రానికల్లా ఊరంతా అనుకుంటుంది.

కంపు మడ్డిలోంచి వస్తోంది. అది ఎవరికైనా తెలుస్తుంది.

జనవరి 10

మూడో తొట్టిలో వైన్‌ని ఖాళీగా ఉన్న నాలుగో తొట్టిలోకి పంపు పెట్టి మార్చాను. మడ్డి కడిగి కాలవలోకి వదిలేశాను. కంపు పోయింది. అంతే.

జనవరి 11

చేసిందాంట్లో తప్పేమీ లేదు. చెడిపోతున్నదాన్ని కాపాడాను.

"తొట్లు?" అని అడిగాడు ఎర్వె. పడుకున్నాయన్నాను. నాలుగోదాంట్లో అయినా పడుకునే ఉంది కదా.

జనవరి 12

ఇవాళ కూడా అడిగాడు. పడుకున్నాయన్నాను.

జనవరి 26

ఇప్పుడు ఒకటో తొట్టి మొదలుపెట్టింది, అదే కంపు. ఈసారి నా చేతులు పంపు మీదికి పోలేదు. తోటలోకి వెళ్ళి అన్సెల్మ్ బాబాయ్‌ని పిలుచుకొచ్చాను.

గ్లాసులో కొంచెం పట్టి వాసన చూశాడు. మొహం చిట్లించలేదు. జేబులోంచి పాత రాగి నాణెం ఒకటి తీసి, చొక్కాకి తుడిచి గ్లాసులో వేశాడు. రెండు తిప్పులు తిప్పి నా చేతికిచ్చాడు. కంపు లేదు. నిమ్మతొక్క వాసన, పచ్చి ఆపిల్ వాసన, పోటు తీసినప్పుడు ఒడ్డున వచ్చే గాలి.

"గాలాడక అలా ఉందంతే. కర్ర పెట్టి అడుగు దాకా ఓసారి కలిపి మూతేసెయ్. పది రోజుల్లో అదే పోద్ది. దీనికే కంగారుపడి మడ్డి కడిగేసుకునేవాళ్ళు కూడా ఉంటార్లే" అన్నాడు.

నేను నీళ్ళు నమిలాను. ఆయన చూపు మూడో తొట్టి వైపు వెళ్ళింది. మూత పక్కనే పంపు గొట్టం పడి ఉంది. రెండు వారాలుగా దాన్ని చుట్టి పెట్టడానికి నాకు చేతులు రాలేదు. ఆయన నాణెం తీసి తుడుచుకున్నాడు. "గొట్టం అలా వదిలేస్తే చలికి పగుళ్ళిస్తదమ్మా" అని, కత్తిరింపుకి వెళ్ళిపోయాడు.

పది రోజులు ఆగి ఉంటే సరిపోయేది. ఒక్క కర్ర, ఒక్క తిప్పు.

ఫిబ్రవరి 3

ఎర్వె పదకొండు కిలోలు తగ్గాడు. గుజ్జు రెండు చెంచాలు తిని తల తిప్పేస్తున్నాడు. "బాగుంది. చాలు." ఎప్పుడూ అవే రెండు మాటలు. నెలాఖరు దాకా చూస్తామనీ, ఇలాగే ఉంటే పొట్టకి గొట్టం వేసి దాంట్లోంచే ఆహారం పోస్తామనీ డాక్టరు చెప్పింది. గొట్టం పడ్డాక నోటితో తినడం మళ్ళీ మొదలుపెట్టని వాళ్ళు కూడా కొందరు ఉంటారంది. కొందరు అంది. అందరూ అనలేదు.

బాబాయ్ ఊళ్ళో ఎవరితోనూ ఏమీ అన్నట్టు లేదు. రొట్టెల కొట్లో అందరూ ఎర్వె ఎలా ఉన్నాడని మాత్రమే అడుగుతున్నారు.

లేబుళ్ళ పెట్టె తెరిచి చూశాను. అక్టోబరులోనే అచ్చయి వచ్చాయి. మడ్డి మీద ఉంచినదని బంగారు అక్షరాలు. మూడోదాని మీద కూడా అవే అంటించేస్తే ఎవరికి తెలుస్తుంది? గిల్లినట్టు ఉండాల్సింది కాస్త తగ్గిందని ఎవరు కనిపెడతారు?

పెట్టె మూసేశాను.

ఫిబ్రవరి 8

మింగడం మళ్ళీ నేర్పే అమ్మాయి కొత్తగా వచ్చింది. పేరు మాయ్‌వెన్. ముప్పై కూడా ఉండవు. వచ్చీ రాగానే ఎర్వె గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, మింగమని చెప్పి, కదలిక చూసింది. చాలా ఆలస్యంగా కదిలింది.

"చల్లగా, పుల్లగా ఉండేది నాలిక మీద పడితే గొంతు తొందరగా మేలుకుంటుందండీ" అంది నాతో. "ఈయనకి ఇష్టమైంది ఏదైనా ఉందా? నిమ్మరసం లాంటిది?"

ఎర్వె కళ్ళు నా వైపు తిరిగాయి. నవంబరు తరువాత ఆ కళ్ళలో కొంటెతనం చూడటం ఇదే.

"మస్కడె" అన్నాడు. ఒక్క అక్షరం తడబడలేదు.

ఆ అమ్మాయి నవ్వింది, కానీ నవ్వి ఊరుకోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి అనుమతి తెచ్చింది. పొడి కలిపి, గట్టిగా చేసి, తను పక్కనుండగా రోజుకి మూడు చెంచాలు. అంతకుమించి చుక్క కూడా వద్దు.

"మూడోది తే" అన్నాడు ఎర్వె నాతో.

ఫిబ్రవరి 12

ఒకటో తొట్టిలోంచి చిన్న సీసాకి పట్టుకెళ్ళాను. ఒకటోది మాత్రం చెడ్డదా. కంపు పోయింది, మడ్డి మీద బుద్ధిగా పడుకునుంది, అన్నీ ఉన్నాయి దానికి. మూడోదని చెప్పాను.

మాయ్‌వెన్ పింగాణీ గిన్నెలో పోసి పొడి కలిపింది. చూస్తుండగానే వైన్ కాస్తా వణికే జెల్లీ అయింది. మా మామగారు బతికుంటే ఆ గిన్నెని కిటికీలోంచి విసిరేసేవారు.

మొదటి చెంచా. గొంతులో కండ పైకి లేచి కిందికి దిగింది. ఆలస్యం లేదు. మాయ్‌వెన్ నా చెయ్యి నొక్కింది. రెండో చెంచా వెంటనే మింగలేదు. కళ్ళు మూసుకుని నోట్లోనే ఉంచుకున్నాడు. తరువాత మింగాడు. మూడో చెంచా పెట్టబోతే పెదాలు బిగించేశాడు.

"ఒకటోది" అన్నాడు.

పొడి కలిపితే రుచి మారుతుందేమో అన్నాను. గోడ వైపు తిరిగాడు. నేను వెళ్ళొస్తానన్నా తిరగలేదు.

ఫిబ్రవరి 13

తోటలో పనుందని ఆసుపత్రికి వెళ్ళలేదు. రోజంతా వాన. తోటలో పనేమీ లేదు.

ఫిబ్రవరి 14

మాయ్‌వెన్ ఫోన్ చేసింది. నిన్న, ఇవాళ ఎర్వె నోరు తెరవలేదట. నాకు తెలిసిన కారణం ఏదైనా ఉందా అని అడిగింది. వెంటనే లేదన్నాను. తరువాత ఉందన్నాను.

ఫిబ్రవరి 15

పొద్దున్నే నాలుగో తొట్టి మూత ఎత్తి సీసాకి పట్టాను. తాగి చూశాను. బాగుంది, కానీ మూడోది కాదు. మెత్తగా, నునుపుగా జారిపోతోంది. గిల్లడం లేదు. ఎవరికి తెలుస్తుందని రాసుకున్నాను ఈ పుస్తకంలోనే. నాకే తెలిసింది.

ఈసారి ఏమీ చెప్పకుండా సీసాని మాయ్‌వెన్ చేతికిచ్చాను. ఎర్వె నన్ను చూడలేదు, చెంచాని చూశాడు. ఒకటి మింగాడు. రెండోది చాలాసేపు నోట్లో పెట్టుకున్నాడు. మూడోది తనే నోరు తెరిచి అడిగి తీసుకున్నాడు. అప్పుడు నా వైపు చూశాడు.

"మూడోదే. మడ్డి ఏది?"

అంతా చెప్పేశాను. కంపు, పంపు, కాలవ, బాబాయ్ నాణెం, రోజూ పడుకున్నాయని చెప్పిన అబద్ధం, ఒకటో తొట్టి మోసం. మాయ్‌వెన్ ఉందని కూడా చూడలేదు. మీ నాన్న నాటిన తీగల వైన్‌ని నేనే పాడుచేశానన్నాను. నువ్వు లేకపోతే నాకు వాసన కూడా తెలియదన్నాను. ఆ మాట అనేదాకా అదే నా భయమని నాకు తెలియదు.

ఎర్వె భుజాలు కదిలాయి. గొంతులోంచి గరగరమని శబ్దం వచ్చింది. మాయ్‌వెన్ పొలమారిందనుకుని లేచి నిలబడింది. పొలమారలేదు. నవ్వుతున్నాడు. నోటి ఎడమ సగంతోనే, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు.

"నేనూ" అన్నాడు. "పెళ్ళయిన యేడు."

మిగిలింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అతికించుకోవడానికి గంట పట్టింది. మా పెళ్ళి జరిగిన యేడు జనవరిలో మామగారు కాలు విరిగి మంచాన పడ్డారట. తొట్లు చూడమని ఎర్వెకి అప్పగించారట. మూడోదే, అదే కంపు. భయపడి పంపు పెట్టి మార్చేశాడట. గొట్టం రెండో కొస పట్టుకున్నది ఎవరనుకున్నారు, అన్సెల్మ్ బాబాయే. మామగారు కర్రల మీద నడుచుకుంటూ వచ్చి, ఒక్క గుక్క తాగి, చాలాసేపు కొడుకుని తిట్టి, చివరికి ఒక మాటన్నారట. పెళ్ళిలో లేబుల్ ఎవడూ అడగడు, పెళ్ళిలోనే తాగించేద్దాం అని.

ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను తలుచుకుంటున్న వైన్ అదా!

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా సాస్‌ని ఇన్నేళ్ళు ఆడిపోసుకున్నావు కదయ్యా. ఒక్కసారైనా నిజం చెప్పొద్దూ?"

"చెబితే పరువు పోదూ" అన్నాడు.

ఆ మాటకి నేను కూడా నవ్వేశాను. మాయ్‌వెన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. గిన్నె అడుగున మిగిలిన జెల్లీని ఎర్వె ఎడమ చేత్తో చూపించాడు. ఇవాళ్టికి అయిపోయాయండీ అంది మాయ్‌వెన్.

"ఇది ఆల్చిప్పలకి పనికిరాదు" అన్నాడు నాతో. ఊపిరి తీసుకున్నాడు. "బ్రోషె చెయ్యి. ఆకలేస్తోంది."

ఆకలేస్తోంది అన్నాడు. నేను ఈ మాట రెండుసార్లు రాస్తున్నాను. ఆకలేస్తోంది అన్నాడు.

ఫిబ్రవరి 16

ఆసుపత్రి గుజ్జు గిన్నెడు తిన్నాడు. ఎలా ఉందంటే, "చెత్తగా ఉంది" అన్నాడు.

ఫిబ్రవరి 27

పొట్టకి గొట్టం ప్రస్తావన మళ్ళీ రాలేదు. కిలోన్నర పెరిగాడు. రోజుకి మూడు చెంచాలు ఆరయ్యాయి. పొడి కొంచెం తగ్గించారు.

బాబాయ్‌ని నిలదీశాను. "గొట్టం పట్టుకున్నది నువ్వటగా" అన్నాను. ఆయన కత్తెర ఆపకుండా, "గొట్టం పట్టుకోమన్నారు, పట్టుకున్నా. ఎందుకని అడగడం నా పని కాదు" అన్నాడు. మరి జనవరిలో నాకెందుకు చెప్పలేదంటే, ఎర్వె బతికుండగా అది చెప్పే హక్కు తనకి లేదట. ఇద్దరూ ఇద్దరే.

మార్చి 9

నాలుగో తొట్టి సీసాల కోసం వేరే లేబుళ్ళకి చెప్పాను. తెల్ల కాగితం మీద మస్కడె అని ఒక్క మాట, కింద మా పేరు. మడ్డి సంగతి ఉండదు. బంగారు అక్షరాలవి ఒకటికీ రెండుకీ సరిపోతాయి.

మార్చి 17

ఇవాళ మాయ్‌వెన్ పొడి కలపకుండా చెంచాడు నీళ్ళు ఇచ్చింది. గడ్డం ఛాతీకి ఆనించి మింగమంది. మింగాడు. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ మింగాడు. ఇంకో రెండుసార్లు కూడా.

"ఆదివారం ఇంటికి తీసుకెళ్ళొచ్చండీ" అంది. "పల్చనివి తాగొచ్చు. చిన్న గుక్కలు, తల వంచి. ఆల్చిప్పలు మాత్రం వద్దు, జారిపోతాయి."

దారంతా నాలో నేనే మాట్లాడుకుంటూ కారు నడిపాను.

మార్చి 22, ఆదివారం

నింపడం నిన్ననే మొదలైంది. కానీ నాలుగో తొట్టి నుంచి మొదటి సీసా ఎర్వె కోసం ఇవాళ్టికి ఆపాను. చక్రాల కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో బిరడా తనే బిగించాడు. రెండుసార్లు వంకరగా పోయింది. ఎవరూ సాయం చెయ్యలేదు. మూడోసారి కూర్చుంది.

జోస్లిన్ రెండు డజన్లు పంపింది. బాబాయ్, నేను భోజనాల బల్ల మీదే తెరుచుకుని, రై రొట్టె, ఉప్పు వెన్నతో తిన్నాం. ఒకటో తొట్టిది తాగాం. నాలిక చివర గిల్లింది, బాగా గిల్లింది. ఎర్వె మా చేతుల్ని చూస్తూ కూర్చున్నాడు. "నిమ్మకాయ పిండకు, దాని నీళ్ళే చాలు" అని నాకు నేర్పబోయాడు. తినేవాళ్ళకి తెలుసులే అన్నాను.

బ్రోషెని ఉడికించి, ముళ్ళు ఒక్కటి కూడా మిగలకుండా రెండుసార్లు వేళ్ళతో వెతికి, మెత్తగా చిదిమాను. అత్తగారి గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఉల్లిపాయ, వెనిగర్, నాలుగో తొట్టి వైన్. తడి దాదాపు ఇగిరిపోయేదాకా ఆగాను. అప్పుడు చల్లటి వెన్న, ముక్క తరువాత ముక్క, చెయ్యి ఆపకుండా తిప్పుతూ. విరగలేదు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బాబాయ్ తలుపు దగ్గరికొచ్చి వాసన చూసి, టోపీ తీశాడు.

ఎర్వె ముందు గ్లాసు పెట్టాను. మామూలు గ్లాసు, పొడి లేదు. సగం కంటే తక్కువ పోశాను. గడ్డం ఛాతీకి ఆనించాడు. చిన్న గుక్క. మేమిద్దరం అతని గొంతునే చూస్తున్నాం. కండ పైకి లేచింది, కిందికి దిగింది. పొలమారలేదు.

చేప ఒక చెంచా తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. బాబాయ్ అప్పటికే పళ్ళాన్ని రొట్టెతో తుడుస్తున్నాడు. ఎర్వె చెంచా కింద పెట్టి, నా వైపు చూసి, మాట కూడదీసుకున్నాడు.

"ఉల్లిపాయ సన్నగా తరగలేదు."

నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని హాయిగా ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి అతని పళ్ళెం ఖాళీగా ఉంది. రొట్టె ముక్క కోసం ఎడమ చెయ్యి బల్ల మీద వెతుకుతోంది.